కాటన్ దొర పట్ల గోదావరి డెల్టా కృతజ్ఞత

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803–1899)ను గోదావరి డెల్టా ప్రజలు తరతరాలుగా కృతజ్ఞతతో తలచుకుంటున్నారు. ఆనకట్ట పూర్తయిన 1852 తర్వాత వేళ్లూనిన ఈ భావం కంపెనీ పాలన పోయినా, రాణిగారి పాలన పోయినా, స్వాతంత్ర్యం వచ్చినా సడలలేదు. పాత గోదావరి జిల్లా తూర్పు, పశ్చిమ గోదావరులై, 2022లో కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలుగా కూడా విడిపోయినా ఆ మనిషి అందరికీ ఉమ్మడిగానే మిగిలాడు. రైతులకు ఆయన ‘కాటన్ దొర’. పండితులకు ‘అపర భగీరథుడు’. ఆయన విగ్రహం లేని పెద్ద ఊరు డెల్టాలో అరుదు.

పాలకుల మీద ప్రజలకు కలిగే అభిమానం సాధారణంగా ఆ తరంతోనే పోతుంది. డెల్టాలో అలా జరగలేదు. కాటన్‌ను చూసినవాళ్లు, ఆయన కింద రాళ్లు మోసినవాళ్లు కన్నుమూసి వందేళ్లు దాటింది. అయినా ఆయన పేరు చెబితే గొంతులో గౌరవం పలుకుతుంది. ఈ కృతజ్ఞత ఎలా పుట్టింది, ఏ రూపాల్లో నిలిచింది, దాని మీద వచ్చిన విమర్శలేమిటి, ఇంతకాలం నిలవడానికి కారణమేమిటి అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

ఆనకట్టకు ముందు

పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలో రాజమండ్రి జిల్లా కరువు జిల్లా. ఈ మాట ఈనాటి కోనసీమ కొబ్బరితోటల్లో నిలబడి వింటే నమ్మబుద్ధి కాదు. గోదావరి ప్రతి వానాకాలం నిండుగా పారేది, ఆ నీరంతా సముద్రం పాలయ్యేది. వరద ఎక్కువైతే లంకలు, పల్లపు ఊళ్లు మునిగేవి. వాన తక్కువైతే ఏటి ఒడ్డున ఉన్న చేనైనా ఎండేది. నది మట్టం నుంచి నీటిని పొలం మీదికి ఎక్కించే దారి లేదు.

1832–33లో వచ్చిన కరువును ఆ తెలుగు సంవత్సరం పేరుతో ‘నందన కరువు’ అన్నారు. దానికి ముందు ఏడు అతివృష్టి, తుపాను. 1839లో కోరంగి తీరాన్ని పెను తుపాను, ఉప్పెన ముంచెత్తాయి. ఆకలికి, రోగాలకు చచ్చినవాళ్లు చావగా, బతికినవాళ్లలో చాలామంది ఊళ్లు వదిలి పోయారు. 1821లో సుమారు 7.4 లక్షలున్న జిల్లా జనాభా రెండు దశాబ్దాల్లో 5.6 లక్షలకు పడిపోయింది. శిస్తులు వసూలు కాక కంపెనీ ప్రభుత్వం ఆందోళన పడి, కారణాలు కనుక్కోమని సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. నీటి పారుదల ఏర్పాటు చేస్తే తప్ప జిల్లా కోలుకోదని ఆయన 1844లో తేల్చి చెప్పాడు.

డెల్టా కృతజ్ఞతకు మూలం ఈ ఆకలి జ్ఞాపకమే. కరువు చూసిన తాతలు మనవలకు చెప్పిన కథలోనే కాటన్ మొదట ప్రవేశించాడు.

కాటన్, ఆనకట్ట

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. అడిస్కూంబ్ సైనిక విద్యాలయంలో చదివి, పదహారేళ్లకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చాడు. ఆయనకు పేరు తెచ్చిన తొలి పని తంజావూరు సీమలో జరిగింది. 1830ల్లో కొళ్లిడం మీద ఆనకట్టలు కట్టి, కావేరి డెల్టాకు నీరు తగ్గిపోకుండా కాపాడాడు. అక్కడి ప్రాచీన ఆనకట్ట కల్లణైని ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. అడుగున రాతిపొర దొరకని ఇసుక నేల మీద బరువైన కట్టడం ఎలా నిలుస్తుందన్నది ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని తర్వాత దాపరికం లేకుండా రాశాడు. గోదావరిలో అదే విద్య అక్కరకొచ్చింది. ధవళేశ్వరం దగ్గర నది అడుగంతా ఇసుకే.

1844, 1845ల్లో కాటన్ ఇచ్చిన నివేదికలను లండన్‌లోని డైరెక్టర్లు 1846 చివర ఆమోదించారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఆయన ఎంచుకున్న చోటు రాజమండ్రికి దిగువన, నది కొండల నడుమ నుంచి బయటపడి, లంకల మధ్య పాయలుగా విడిపోయే చోటు. అక్కడ నది వెడల్పు ఎక్కువే అయినా, పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక మధ్యలో ఉండడంతో కట్టను నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు. అవే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు. నాలుగూ కలిపి పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు, ఎత్తు 12 అడుగులు. నదికి అటూ ఇటూ, నడుమ లంకలోనూ తలుపులు పెట్టి తూర్పు, పశ్చిమ, మధ్య డెల్టాలకు మూడు కాలువ వ్యవస్థలు తవ్వారు.

రాయి ధవళేశ్వరం కొండదే. కొండ నుంచి ఏటి ఒడ్డుకు రాయి చేరవేయడానికి పట్టాలు పరిచి బళ్లు నడిపారు. బొంబాయి నుంచి ఠాణాకు 1853లో ప్రయాణికుల రైలు నడవడానికి కొన్నేళ్ల ముందే ధవళేశ్వరంలో పట్టాల మీద రాళ్లు కదిలాయి. వరద తగ్గిన నెలల్లోనే నదిలో దిగి పనిచేయాలి కనుక, ఆ కొద్ది కాలంలో వేలాది కూలీలు ఒకేసారి పనిలో ఉండేవారు. నడుమ కాటన్ ఆరోగ్యం పాడై సెలవు మీద వెళ్లినప్పుడు కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్టను 1850ల్లో కట్టింది కూడా ఈ ఓర్ దొరే.

నీరు వచ్చాక

ఆనకట్ట ఫలితం ఒక్క తరంలోనే కళ్లకు కట్టింది. జొన్న, చిరుధాన్యాలు పండే మెరక చేలు వరి పొలాలయ్యాయి. వానాకాలపు సార్వా పంట ఖాయమైంది, రెండో పంట దాళ్వా కూడా క్రమంగా విస్తరించింది. వలసపోయినవాళ్లు తిరిగొచ్చారు, పై ప్రాంతాల నుంచి కొత్తవాళ్లూ వచ్చి స్థిరపడ్డారు. కాలువలను కాటన్ నీటి పారుదలకు ఎంతగా ఉద్దేశించాడో పడవల రాకపోకలకూ అంతగానే ఉద్దేశించాడు. మట్టం మారే చోటల్లా లాకులు కట్టించాడు. ధాన్యం, కొబ్బరి, బెల్లం పడవల మీద రాజమండ్రికి, కాకినాడ రేవుకు, నరసాపురానికి చేరేవి. కోరంగి మేట వేసి వెనకబడగా కాకినాడ పెద్ద ఓడరేవయింది.

1876–78 నాటి ధాత కరువులో రాయలసీమలోనూ, మద్రాసు రాష్ట్రంలోని మెట్ట జిల్లాల్లోనూ లక్షలాదిమంది చనిపోయారు. అదే కాలంలో గోదావరి డెల్టా తాను తిని, బయటికి బియ్యం పంపింది. నందన కరువు అనుభవించిన కుటుంబాలు ధాత కరువులో గట్టున పడడంతో, ఆనకట్ట విలువను జనానికి ఎవరూ వివరించి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కాటన్ పట్ల గౌరవం భక్తిగా మారింది ఆ రోజుల్లోనే అనుకోవచ్చు.

మిగులు ధాన్యం మిగులు డబ్బయింది, డబ్బు చదువయింది. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం, ఏలూరు, భీమవరం పట్టణాలు ఎదిగాయి. బడులు, కళాశాలలు, అచ్చుకూటాలు, పత్రికలు, నాటక సమాజాలు వచ్చాయి. కందుకూరి వీరేశలింగం సంస్కరణోద్యమానికి రాజమండ్రి వేదిక కావడానికి ఆయన తెగువ మొదటి కారణం. ఆ తెగువకు తోడు నిలిచిన చదువుకున్న మధ్యతరగతి మాత్రం చాలావరకు కాలువ నీటి మీద పెరిగినదే.

ఈనాడు మూడు డెల్టాల ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. అందులో సగానికి పైగా పశ్చిమ డెల్టాదే.

కృతజ్ఞత కనిపించే తావులు

ఈ భావాన్ని పుస్తకాల్లో వెతకనక్కరలేదు. కనీసం అయిదు చోట్ల అది నిత్యం కనిపిస్తుంది.

మొదటిది విగ్రహాలు, పటాలు. ఊరి కూడళ్లలో, కాలువ గట్ల మీద, లాకుల దగ్గర, నీటిపారుదల శాఖ కార్యాలయాల ముందు కాటన్ విగ్రహాలు ఉంటాయి. కొన్ని గుర్రం మీద ఉన్నవి, ఎక్కువ భాగం ఛాతీ వరకే ఉన్నవి. ప్రభుత్వం పెట్టినవీ ఉన్నాయి, రైతులు చందాలు వేసుకుని పెట్టుకున్నవీ ఉన్నాయి. కొన్ని ఇళ్లల్లో దేవుళ్ల పటాల వరసలోనే ఆయన పటమూ ఉంటుంది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు నెలకొల్పినప్పుడు, నన్నయ, శ్రీకృష్ణదేవరాయలు వంటివారి సరసన కాటన్‌కూ చోటిచ్చారు.

రెండోది సంకల్పం. గోదావరి స్నానం చేస్తూ కాటన్‌ను స్మరించే ఒక సంస్కృత శ్లోకం డెల్టా బ్రాహ్మణ కుటుంబాల్లో ప్రచారంలో ఉంది. ఆంగ్ల దేశంలో పుట్టిన భగీరథుడిగా, నిత్యం గోదావరీ స్నాన పుణ్యం ప్రసాదించినవాడిగా అది ఆయనను కీర్తిస్తుంది. ఈ భావన వెనక ఒక వాస్తవం ఉంది. నదికి ఆమడ దూరాన ఉన్న ఊళ్లోకి కాలువ వచ్చిందంటే గోదావరే గడపలోకి వచ్చినట్టు. పుష్కరాలకు తప్ప గోదావరి ముఖం చూడని కుటుంబం ప్రతి ఉదయం అందులో మునగగలిగింది. గౌతముడు నదిని భూమికి తెచ్చాడని పురాణం. కాటన్ దాన్ని ఊళ్లోకి తెచ్చాడన్నది డెల్టా దానికి కలుపుకున్న కొత్త అధ్యాయం. పరదేశీయుణ్ణి, పరమతస్థుణ్ణి నిత్యకర్మలో చేర్చుకోవడం మామూలు విషయం కాదు. పైగా కాటన్ తన క్రైస్తవ విశ్వాసాన్ని దాచుకున్నవాడు కాదు, మిషనరీలకు అండగా నిలిచినవాడు. ఆ సంగతి తెలిసీ పండితులు ఆయనను భగీరథుడన్నారు.

మూడోది మే 15. కాటన్ జయంతినాడు ధవళేశ్వరంలోనూ, డెల్టా అంతటా ఆయన విగ్రహాలకు పూలదండలు పడతాయి. రైతు సంఘాలు, ఇంజనీర్లు, అన్ని పార్టీల నాయకులు వస్తారు. అప్పటికి వేసవి మరమ్మతుల కోసం కాలువలు కట్టేసి ఉంటాయి. ఎండిన కాలువ అడుగు కనిపించే రోజుల్లోనే నీరిచ్చినవాడి పుట్టినరోజు రావడం యాదృచ్ఛికమే అయినా, ఆ పూట జరిగే ప్రసంగాల్లో సగం ఈ ఏడాది నీళ్లు ఎప్పుడు వదులుతారన్న దాని చుట్టే తిరుగుతాయి.

నాలుగోది నీరు వదిలే రోజు. సార్వాకు నీరు వదిలేటప్పుడు హెడ్ స్లూయిస్ దగ్గర గోదావరి మాతకు పూజ చేస్తారు. పసుపు, కుంకుమ, పూలు, చీర, రవికెల గుడ్డ నీటిలో వదిలి, కొబ్బరికాయ కొట్టి, తలుపు ఎత్తుతారు. తలుపు కింద నుంచి నురగతో వచ్చే తొలి నీరు అడుగునున్న చెత్తనూ, ఎండుటాకులనూ ముందుకు తోసుకుంటూ పోతుంది. పూజ ముగిశాక పక్కనే ఉన్న కాటన్ విగ్రహానికి దండ వేయడం ఆనవాయితీ. దేవత తర్వాత దొర. ఈ వరస ఎవరూ రాసిపెట్టింది కాదు, అలవాటుగా వచ్చింది.

అయిదోది పేరు. పాత ఆనకట్ట వయసు మీద పడి బలహీనపడ్డాక, దాని దగ్గరే 1970లో మొదలుపెట్టి 1982లో కొత్త బ్యారేజి పూర్తిచేశారు. ధవళేశ్వరం భాగానికి 70, ర్యాలికి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39 చొప్పున మొత్తం 175 గేట్లు. స్వతంత్ర భారతంలో, తెలుగు ప్రభుత్వం, తెలుగు ఇంజనీర్లు కట్టిన ఈ కట్టడానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి అనే పేరు పెట్టారు. దాంతో ఆ పేరు వార్తల భాషలో భాగమైంది. వరద రోజుల్లో డెల్టా అంతా ధవళేశ్వరం నీటిమట్టం మీద చెవి పెట్టుకుని ఉంటుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ‘కాటన్ బ్యారేజి వద్ద వరద ఉద్ధృతి’ అన్న మాట ప్రతి ఆగస్టులో వినబడుతుంది. 1986 ఆగస్టు వరదలో సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ఈ గేట్ల గుండానే సాగింది. ఆ రాత్రులు గుర్తున్నవారు డెల్టాలో ఇంకా చాలామంది ఉన్నారు.

వీటికి తోడు ధవళేశ్వరంలో 1988లో ఏర్పాటైన కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట, బ్యారేజి నమూనాలు, పాత చిత్రాలు, సర్వే పరికరాలు, నిర్మాణంలో వాడిన పనిముట్లు అక్కడ చూడవచ్చు. డెల్టా బడుల పిల్లలను విహారయాత్రకు తీసుకొచ్చే చోట్లలో అదొకటి. 2009లో కాటన్ మునిమనవడు ఈ ప్రాంతానికి వస్తే, జనం సొంత ఇంటి చుట్టం వచ్చినట్టే ఆదరించారు.

కాటన్ వెనక నిలిచినవారు

ఒక్క మనిషి పేరు మీద నిలిచిన కృతజ్ఞత మిగతావాళ్లను కప్పివేసే ప్రమాదం ఉంది. డెల్టా జ్ఞాపకం వారిలో కొందరినైనా నిలుపుకుంది. మొదటి పేరు వీణెం వీరన్నది. ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిభుజంగా ఉండి, కూలీలను సమకూర్చి, పని నేర్పి, నడిపించిన తెలుగు ఓవర్సీరు ఆయన. ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. ధవళేశ్వరం లాకు దగ్గర ఆయన స్మారక ఫలకం ఉంది.

రెండో పేరు ఎఫ్. టి. హెయిగ్. కోనసీమలో వైనతేయ పాయ దాటి నగరం లంకకు నీరు చేరాలంటే ఏటి మీద కాలువ పారాలి. 1852–53లో హెయిగ్ పి. గన్నవరం దగ్గర వరస కమానుల మీద అక్విడెక్టు కట్టాడు. కింద ఏరు, పైన కాలువ. నాటు సున్నంతో, రాతితో, ఒకే ఎండాకాలంలో పూర్తిచేసిన ఆ కట్టడం దాదాపు నూటయాభై ఏళ్లు లంకకు నీరందించింది. 2000లో దాని పక్కనే కొత్త అక్విడెక్టు కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు వచ్చినా లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె (1841–1909). నీరిచ్చినవాడి పేరు బ్యారేజికి, అన్నం పెట్టినామె పేరు అక్విడెక్టుకు పెట్టిన నేల ఇది. డెల్టా ఎవరిని ఎందుకు గుర్తుపెట్టుకుంటుందో ఈ రెండు పేర్లు చెబుతాయి.

పేర్లు మిగలనివారు కూలీలు. మండుటెండల్లో, నడుములోతు నీటిలో నిలబడి రాళ్లు అందించిన ఆ వేలమందికి విగ్రహాల్లేవు. కాటన్ జయంతి సభల్లో వారిని కూడా తలచుకోవాలన్న మాట ఇటీవలి కాలంలో గట్టిగా వినబడుతోంది. అది న్యాయమైన మాట.

విమర్శలు, భిన్నాభిప్రాయాలు

కాటన్ స్మరణ మీద అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఆనకట్ట కట్టించింది కంపెనీ అనీ, అది దయతో కాక శిస్తు కోసం డబ్బు పెట్టిందనీ. ఇది నిజమే. ఆయకట్టు పెరిగాక ప్రభుత్వానికి వచ్చే రాబడి పెట్టిన ఖర్చును మించిపోయింది, కాటన్ స్వయంగా ఆ లెక్కలు చూపించే డైరెక్టర్లను ఒప్పించాడు. అయితే ఆయన వాదన అంతటితో ఆగలేదు. నీటి పనుల మీద ఖర్చు పెట్టకపోవడం వల్లే దేశంలో కరువు చావులు వస్తున్నాయని, రైళ్ల కంటే కాలువలు ముందు కావాలని ఉద్యోగం మానేశాక కూడా ఇంగ్లండులో దశాబ్దాల పాటు పోరాడాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. ఆ కమిటీ ఆయన పథకాలను ఒప్పుకోలేదు. తన ప్రభుత్వంతోనే తగువు పడినవాడన్న ఎరుక డెల్టా అభిమానానికి ఇంకొంత బలమిచ్చింది.

రెండోది, నీటి ఫలం అందరికీ సమంగా దక్కలేదని. భూమి ఉన్నవాళ్ల ఇళ్లు నిండాయి, కూలీల బతుకు అంతగా మారలేదు. డెల్టా సిరి చూస్తుండగానే కాకినాడ రేవు నుంచి వేలమంది కూలికి రంగూను వెళ్లారు. ఆనకట్టకు ఎగువన ఉన్న ఏజెన్సీ కొండలకు ఈ నీటి వల్ల ఒరిగిందేమీ లేదు. డెల్టా వరి పండిస్తున్న 1879లోనే రంప కొండల్లో తిరుగుబాటు రేగింది.

మూడోది ప్రకృతికి సంబంధించినది. వరద నీటికి ఎదురీది వచ్చే పులస చేపకు ఆనకట్ట హద్దయింది. పల్లపు ప్రాంతాల్లో కాలువలకు తగిన మురుగు కాల్వలు లేక ముంపు సమస్య పెరిగింది. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం, పెరిగిన ఖర్చులు, మురుగు పారుదల అధ్వానంగా ఉండడం వారు చెప్పిన కారణాలు. ఆ రైతులకు కోపం వచ్చింది నడుస్తున్న పాలన మీద. నీరిచ్చిన కాటన్ పట్ల గౌరవం ఆ కోపంలోనూ చెక్కుచెదరలేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు వందేమాతరం ఉద్యమం ఊరంతా అంటుకుంది, విద్యార్థులు కళాశాల నుంచి బహిష్కరణకు గురయ్యారు. తెల్లదొరతనం మీద అంత మండిన పట్టణానికి నాలుగు మైళ్ల దూరంలో ఒక తెల్లదొర పేరు ఆదరంగానే నిలిచింది. పాలనను ద్వేషించడానికీ, పని చేసిన మనిషిని గౌరవించడానికీ మధ్య తేడా డెల్టా ప్రజలకు బాగా తెలుసు.

ఇతర చోట్ల ఇలాంటి భావాలు

ఇలాంటి దీర్ఘకాలపు కృతజ్ఞత మరికొన్ని చోట్ల ఉంది. రాయలసీమలో దత్త మండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోను రైతులు అభిమానించి, పిల్లలకు మన్రోలయ్య వంటి పేర్లు పెట్టుకున్నారు. తెలుగు సాహిత్యాన్ని కాపాడిన సి. పి. బ్రౌన్ పేరుతో కడపలో భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. తమిళనాడు తేని ప్రాంతంలో, 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట నిర్మాత పెన్నీక్విక్‌ను రైతులు పొంగల్ నాడు పూజిస్తారు. 2013లో తమిళనాడు ప్రభుత్వం ఆయనకు స్మారక మందిరం కట్టించింది. మన్రో శిస్తు విధానంతో, బ్రౌన్ పుస్తకాలతో, పెన్నీక్విక్ నీటితో గుర్తుండిపోయారు. వీరిలో కాటన్‌కు అతి దగ్గరివాడు పెన్నీక్విక్. ఇద్దరి పనీ ఇప్పటికీ వాడుకలో ఉంది, ఇద్దరికీ పూజలు జరుగుతున్నాయి.

ఎందుకు నిలిచింది

కృతజ్ఞత కాలంతో పాటు సన్నగిల్లే భావం. మేలు చేసినవాడి కొడుకును ఆదరిస్తాం, మనవణ్ణి పలకరిస్తాం, ఆపై మరచిపోతాం. డెల్టాలో ఇది నూటడెబ్బై ఏళ్లు నిలవడానికి మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, ఆ మేలు ఏటేటా కొత్తగా అందుతోంది. ఆనకట్ట ఒక్కసారి కట్టినదే అయినా, కాలువకు నీరు ప్రతి జూన్‌లో వస్తుంది. తూము దగ్గర మడవ తిప్పి బోదెలోకి నీరు పెట్టుకునే పాతికేళ్ల రైతుకు కాటన్ చరిత్ర పాఠం కాడు. తన నాట్లకు నీరు పంపిన మనిషి. దాళ్వాలో నీరు చాలక వంతులవారీ విధానం పెట్టినప్పుడు, కాలువ లస్కరుతో వాదులాడే శివారు రైతు కూడా ముందు తలచేది ఆ పేరే.

రెండోది, ఆ భావానికి ఆచారాల ఆసరా దొరికింది. జయంతి, తలుపు దగ్గర పూజ, స్నాన సంకల్పం, వరద వార్త. వీటిలో ఏదీ ఎవరి ఆజ్ఞ వల్లా వచ్చింది కాదు. జనం తమ రోజువారీ పనుల్లోకి ఆయనను ఇముడ్చుకున్నారు, అందుకే అది భారంగా తోచలేదు.

మూడోది, అది ఒక కులానికో, మతానికో, పార్టీకో సొంతం కాలేదు. కాటన్‌కు ఇక్కడ వారసులు లేరు, ఓట్లు లేవు. ఆయన విగ్రహానికి దండ వేస్తే ఎవరికీ కోపం రాదు. అందరివాడు కావడమే ఆయనను కాపాడింది.

ఈ కృతజ్ఞతకు ఇప్పుడు పరీక్షా కాలం. కాలువల్లో గుర్రపుడెక్క పేరుకుంటోంది, గట్లు ఆక్రమణల పాలవుతున్నాయి, పట్టణాల మురుగు నేరుగా పంట కాలువలో కలుస్తోంది. చివరి ఎకరాలకు నీరు అందక, చాలాచోట్ల వరి పొలాలు చేపల చెరువులవుతున్నాయి. కాటన్ కట్టించిన వ్యవస్థ తలుపు నుంచి శివారు దాకా నీరు సాఫీగా పారాలన్న లెక్క మీద నిలిచింది. ఏటేటా పూడిక తీసి, లాకులు బాగుచేసి, గట్లు కాపాడుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. విగ్రహాల సంఖ్య కంటే, శివారు చేలో సకాలంలో పడే నాట్లే డెల్టా కృతజ్ఞతకు సరైన కొలమానం.